రేవు దగ్గర కూర్చున్నవాడు

ఒక నవలకి నాలుగు రోజులు. నవల చదివి, నిజంగానే చదివారని కమిటీకి నమ్మకం కలిగేలా రిపోర్టు రాస్తే, శిక్షలోంచి నాలుగు రోజులు కొట్టేస్తారు. ఏడాదికి పన్నెండు నవలలే, అంతకు మించి కుదరదు. ఆ నవలల జాబితా రాసి ఆడవాళ్ళ జైలు లైబ్రరీ తలుపు మీద అతికించారు. అన్నీ పాతవే. గొప్పవని పేరుపడి, బయట ఉన్నవాళ్ళు బళ్ళో మార్కుల కోసం తప్ప ముట్టుకోనివి.

ఓజానా పదకొండు పూర్తి చేసింది. పెళ్ళిరోజున గుర్రమెక్కి పారిపోయిన జడ్జి కూతురు నాలుగు రోజులు. కరువులో దూడని భుజాన వేసుకుని నడిచిన ముసలాడు నాలుగు రోజులు. వంతెన కట్టి, అది కూలుతుందన్న భయంతో పిచ్చెక్కిన ఇంజినీరు నాలుగు రోజులు. ఆ ఇంజినీరు భార్య ఏడ్చినప్పుడు ఓజానాకీ ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఇంకా ఎన్ని పేజీలున్నాయో బొటనవేలితో అంచనా వేసింది. తనలో ఇలా రెండుగా చీలిన మనిషిని ఆమె కొన్నాళ్ళుగా గమనిస్తోంది. ఒకరు చదువుతారు, ఒకరు లెక్కపెడతారు. లెక్కపెట్టేవాళ్ళు ఎప్పుడూ నిద్రపోరు.

బళ్ళో ఆమె నాలుగో తరగతి దాటలేదు. వరస కింద వేలు పెట్టుకుని, పెదవులు కదిపితే తప్ప చదవలేదు. పెదవులు కదిలితే గొంతూ లేస్తుంది. అందుకని సెల్లో పక్క మంచం మీది ఫిలో అవ్వ, డెబ్భై ఒక్కేళ్ళావిడ, దారం అల్లుకుంటూ పదకొండు నవలలూ విన్నది. అవ్వకి అక్షరం రాదు. రిపోర్టు రాయలేదు కాబట్టి ఆమెకి రోజులు తగ్గవు. అయినా భోజనం డబ్బా కడిగి రాగానే, "కానీ పిల్లా" అనేది.

పన్నెండో నవల ఆగస్టు పదమూడున చేతికొచ్చింది. మూడువందల అరవై ఎనిమిది పేజీలు. రిపోర్టు సెప్టెంబరు పదికల్లా ఇచ్చెయ్యాలి. ఇచ్చి, అది పాసైతే, ఓజానా సెప్టెంబరు ఇరవై ఏడున బయటికి పోతుంది. పాసవకపోతే అక్టోబరు ఒకటిన.

మూడేళ్ళ నాలుగు నెలలు గడిపిన మనిషికి నాలుగు రోజులు ఒక లెక్కా అని ఎవరైనా అనుకోవచ్చు. ఆ నాలుగు రోజుల మధ్యనే ఇరవై ఎనిమిదో తేదీ ఉంది. ఆ శనివారం పొద్దున తన ఊరు లగోవా సేకాలో పొరుగింటి జుల్మీరా, దేశం ఆ చివరనున్న రొందోనియాకి, కూతురు దగ్గరికి వెళ్ళే బస్సెక్కుతుంది. మూడు రోజుల ప్రయాణం, మళ్ళీ తిరిగొచ్చేది లేదు. ఇన్నాళ్ళూ ఓజానా తమ్ముడు బెంతోని ఇంట్లో పెట్టుకుని చూసింది ఆవిడే. బెంతోకి ఒంటికి ముప్ఫై ఎనిమిదేళ్ళు, మనసుకి ఏడో ఎనిమిదో. ఆ పొద్దుటికి ఇంట్లో రక్తసంబంధం ఉన్న మనిషి లేకపోతే సంక్షేమ కార్యాలయం వాళ్ళ వ్యాను వస్తుంది. రాజధానిలో ఏదో ఆశ్రమంలో చేరుస్తారు. చేరాక బయటికి తేవాలంటే మళ్ళీ జడ్జి సంతకం, మళ్ళీ ఏళ్ళు. కొత్తవాళ్ళు పెడితే బెంతో తినడు. పళ్ళెం వైపు చూస్తూ కూర్చుంటాడంతే.

ఇరవై ఏడుకి అక్క వస్తుందని జుల్మీరా ఆ కార్యాలయంలో మాటిచ్చి వచ్చింది.

*

రెండువందల పన్నెండో పేజీ దాకా అంతా సవ్యంగా నడిచింది. రోజుకి పద్ధెనిమిది పేజీలు, అంతకంటే తగ్గనివ్వలేదు. నవల్లో లెయొకాదియా అనే పిల్ల ఉంటుంది. పెద్ద కాఫీ తోటలవాళ్ళ ఇల్లు, ఇప్పుడు చితికిపోయింది. అమ్మా నాన్నా పోయారు. ఆమెకో తమ్ముడు సిమావు, మాట సరిగా రాదు, బుద్ధి ఎదగలేదు. అతని పేరు మొదటిసారి వచ్చినప్పుడే ఓజానా వేలు వరస మీద ఆగింది. అవ్వ అల్లిక దించి చూసింది.

రెండువందల పన్నెండో పేజీలో లెయొకాదియా రాజధానిలో ఉన్న మేనమామని బతిమాలడానికి బయల్దేరుతుంది. పడవలో ఇద్దరికి చోటు లేదు. తమ్ముణ్ణి రేవులో ఒక చెట్టు మొద్దు మీద కూర్చోబెట్టి, టోపీ సర్ది, "నేనొచ్చేదాకా ఇక్కణ్ణించి కదలకు" అంటుంది. పడవ వంపు తిరుగుతుంది. అతను ఇంకా చెయ్యి ఊపుతూనే ఉంటాడు.

ఓజానా పుస్తకం మూసేసింది.

"ఇవాళ్టికి పన్నెండే చదివావు," అంది ఫిలో అవ్వ. అవ్వకి అక్షరాలు రావు గానీ పేజీ తిప్పిన చప్పుడు లెక్కే.

"గొంతు నొప్పిగా ఉందవ్వా."

మర్నాడూ గొంతు నొప్పే. ఆ మర్నాడు కళ్ళు మంటలు. పుస్తకం తలగడ కిందే ఉంది. తల ఆనించినప్పుడల్లా దాని మూల తగిలేది. తను చేస్తున్నది ఏమిటో ఓజానాకి తెలుసు. రేవులో కూర్చున్నవాడికి తర్వాతి పేజీలో ఏం జరుగుతుందో అదే బెంతోకి జరుగుతుందని లోపల ఎవరో నిర్ణయించేశారు. పేజీ తిప్పకపోతే ఏమీ జరగదు, అతను చెయ్యి ఊపుతూనే ఉంటాడు. ఇది పిచ్చి ఆలోచన అని ఆమే తనకి చెప్పుకుంది, పిల్లకి నచ్చజెప్పినట్టు. పిచ్చి ఆలోచన అని తెలిసినా దాని పట్టు సడల్లేదు. తెలిసిన దొంగ తలుపు దగ్గర నిలబడ్డట్టు నిలబడింది.

అసలు సంగతి వేరే ఉంది. దాన్ని ఆమె సూటిగా చూడదు, పక్క చూపుతోనే చూస్తుంది. మూడేళ్ళ నాలుగు నెలల కిందట, ఒక మధ్యాహ్నం, లగోవా సేకా బస్టాండులో బేకరీ షట్టరు పక్కన బెంతోని నిలబెట్టి, "ఇక్కడే నిలబడు, కదలకు. అయిదు నిమిషాల్లో వస్తా" అంది. చేతిలో పినతల్లి అల్లుడు ఇచ్చిన సంచి ఉంది. ఏముందో అడగలేదు. అడగకపోవడం కూడా తెలిసి చేసిందే. రెండో ప్లాట్‌ఫారం దగ్గర పోలీసులు ఆ సంచి విప్పించారు. వెనక గేటు గుండా తీసుకుపోయారు. వెనక్కి తిరిగి చూసినా బేకరీ కనబడదు. పొద్దుపోయాక జుల్మీరా వెతుక్కుంటూ వచ్చేసరికి బెంతో ఆ షట్టరు పక్కనే ఉన్నాడు. ప్యాంటు తడిసిపోయి ఉంది. ఆరు గంటలు ఒక్క అడుగు కూడా వెయ్యలేదు.

*

నాలుగో రోజున కేయ్లా వచ్చి మంచం చివర కూర్చుంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. కుట్టుపని గదిలో ఓజానా పక్క మిషను. నోరు ఊరుకోదు.

"ఏంటక్కా, మీ రేవు పుస్తకం రేవు దాటట్లేదంట?"

"ఎవరు చెప్పారు?"

"అవ్వ దిగులు పెట్టుకుంది. కథ ఆగిపోయిందని అన్నం కూడా సగమే తింది." అవ్వ అవునన్నట్టు ముక్కు ఎగబీల్చింది. కేయ్లా గొంతు తగ్గించింది. "నా దగ్గర సారాంశం ఉంది. రెండు షాంపూ ప్యాకెట్లు ఇవ్వు చాలు. నీకు కాబట్టి రెండు."

"చివరికి ఆ తమ్ముడేమవుతాడు?"

"నీళ్ళలో పడి చచ్చిపోతాడు."

ఓజానా ముఖం చూసి కేయ్లా కంగారుపడింది. "అంటే... పడతాడనే అనుకుంటా. నది ఉంది కదా మరి. పుస్తకంలో నది ఉంటే ఎవరో ఒకరు పడాలి."

"నువ్వు చదివావా?"

"నాకేం పనిలేదా?"

మిషన్ల గదిలో ఇంకో ఖైదీ జిస్లైనీ మరో రకంగా చెప్పింది. అక్క గొప్పింటి కోడలై, బండి కట్టించుకుని వచ్చి తమ్ముణ్ణి ఎత్తుకుపోతుందంట, తన అత్త టీవీలో చూసిందంట. కాపలా ఉన్న గార్డు తలుపు దగ్గర్నుంచే, "అదేం కాదు, ఆస్తికి అసలు వారసుడు వాడేనని తేలుతుంది. మా అమ్మాయికి పరీక్షలో వచ్చింది" అంది.

"మేడం, మీ అమ్మాయి పాసైందా?" అని కేయ్లా అడిగింది.

"నీ పని చూసుకో."

గదంతా నవ్వింది. ఓజానా కూడా పెదవులు సాగదీసింది. ముగ్గురు మూడు ముగింపులు చెప్పారు, ముగ్గురూ చదవలేదు. తప్పు ముగింపు రాస్తే కమిటీ ఒక్క గీతతో కొట్టేస్తుంది. మరో పుస్తకానికి సమయం లేదు. అప్పటికి ఆరు రోజులు పోయాయి. అంటే నూట ఎనిమిది పేజీలు. లెక్కపెట్టేవాళ్ళు ఆ అంకెని చెవిలో పదేపదే చెప్పారు.

ఆ మధ్యాహ్నం ఆమె పుస్తకం తీసి, అవ్వ వైపు చూడకుండా, రెండువందల పదమూడో పేజీ తిప్పింది.

పడవలో లెయొకాదియా ఒక లాయరుని కలుస్తుంది. లాయరు మీసాలు ఒక పేజీ. రాజధాని దీపాలు మూడు పేజీలు. మేనమామ ఇల్లు, మేనమామ జబ్బు, మేనమామ రెండో భార్య అసూయ. ఓజానా వేలు ఇప్పుడు చదవడానికి కదలడం లేదు, వెతకడానికి కదులుతోంది. ప్రతి పేజీలో సిమావు పేరు ఏ అక్షరంతో మొదలవుతుందో ఆ అక్షరం కోసం ముందు కళ్ళు పరిగెత్తేవి. దొరక్కపోతే మొదటి వరసకి వచ్చి చదివేది.

"మరి ఆ పిల్లాడు?" అనేది అవ్వ, ప్రతి అధ్యాయం చివరా.

"ఇంకా రాలేదవ్వా."

"వస్తాడులే. ఊరికే కూర్చోబెడతారా?"

మూడువందల పేజీలు దాటాయి. లెయొకాదియా పెళ్ళయింది. వీలునామా దొరికింది. మూడువందల నలభై. ఆమెకో కొడుకు పుట్టాడు, వాడికి తాత పేరు పెట్టారు. మూడువందల అరవై ఎనిమిదో పేజీలో లెయొకాదియా బాల్కనీలో నిలబడి, దూరంగా నది మీద ఒక తెల్ల పడవని చూసి, జీవితం ఎంత దయగలదో అనుకుంటుంది. కింద ముద్రాపకుల గుర్తు ఉంది. వెనక అట్ట.

అవ్వ అల్లిక ఆపింది. "మరి ఆ పిల్లాడు?"

ఓజానా అట్టని అటూ ఇటూ తిప్పింది, ఇంకా ఏదైనా అంటుకుని ఉందేమోనని. "అయిపోయిందవ్వా."

"అయిపోవడమేంటి? వాడు అక్కడే ఉన్నాడుగా!"

చచ్చిపోయి ఉంటే బాగుండేదని ఒక్క క్షణం ఓజానాకి అనిపించింది. అనిపించినందుకు తనని తనే తిట్టుకుంది. చావుకి ఆమె సిద్ధపడి ఉంది. వెతికి తెచ్చుకుంటే ఆనందానికీ సిద్ధపడింది. ఎవరూ అతని గురించి మళ్ళీ ఒక్క మాటా అనకపోవడానికి మాత్రం సిద్ధపడి లేదు. రాసినవాడు మరిచిపోయాడు. రాసినవాడే మరిచిపోతే ఇక అతన్ని ఎవరు లేపి ఇంటికి తీసుకెళ్ళాలి?

వెతుకుతున్నప్పుడు మరొకటి కూడా కనిపెట్టింది. రెండువందల తొంభై తర్వాత రెండువందల తొంభై మూడు ఉంది. మధ్య ఆకు లేదు. కుట్టు దగ్గర కత్తిరించిన అంచు మిగిలి ఉంది. పల్చటి కాగితం, సిగరెట్టు చుట్టుకోవడానికి హాయిగా ఉంటుంది. ఏ ఏడాది ఎవరు పీల్చేశారో.

*

రిపోర్టు ఫారంలో గళ్ళున్నాయి. కథ, ముఖ్య పాత్రలు, రచయిత చెప్పదలచినది. మీ సొంత జీవితం రాయకండి, పుస్తకం గురించే రాయండి అని పైన ముద్రించి ఉంది. ఓజానా కథ గడిలో అయిదు వరసలు రాసింది. మిగతా నాలుగు పేజీలూ సిమావు గురించే. అతను ఏ పేజీలో ఏం తిన్నాడు, ఎవరి చేత్తో తిన్నాడు, ఎవరెవరిని చూసి నవ్వాడు, ఏ పేజీలో కూర్చోబెట్టారు, ఆ తర్వాత ఏ ఏ పేజీల్లో అతను గుర్తుకు రావలసి ఉండీ రాలేదు. పెళ్ళిలో, ఆస్తి పంపకంలో, పిల్లవాడి బారసాలలో. తన సంగతి ఒక్క ముక్క కూడా రాయలేదు. తర్వాత పెన్ను ఆగింది.

"ఆకు లేదని రాయకు," అంది కేయ్లా, భుజం మీంచి చూస్తూ. "ఎవరు పట్టించుకుంటారు? పేజీలు లెక్కపెడతారా వాళ్ళు?"

"ఆ ఆకులో వాడుంటే?"

"ఉంటే ఉన్నాడు. నువ్వు రాయకపోతే లేడు."

ఆ మాట ఓజానాకి నచ్చలేదు. నవల రాసినవాడు చేసింది సరిగ్గా అదే కదా అనిపించింది. చివర ఒక వరస చేర్చింది: ‘291, 292 పేజీలు ఈ పుస్తకంలో లేవు, వాటిల్లో ఏముందో నేను చదవలేదు.’ రిపోర్టు ఇచ్చేసి వచ్చింది. నిజం రాశానన్న తృప్తి ఎక్కడా కనబడలేదు. భయమే ఉంది. ఒకవేళ తనే నాలుగు రోజుల్ని ఆ ఒక్క వరసతో కాల్చేసుకుందేమో.

గురువారం లిందౌరా టీచర్ పిలిపించింది. కమిటీలో ముగ్గురుంటారు, జైలుకి వచ్చేది ఆవిడ ఒక్కతే. ఊళ్ళో హైస్కూల్లో ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతోంది. రిపోర్టు బల్ల మీద పెట్టి, అద్దాలు నుదుటి మీదికి తోసింది.

"ఇది మీరే రాశారని నాకు అనుమానం లేదు, ఓజానా. ఇలాంటిది ఎవరూ అమ్మరు."

"మరి తప్పేంటి టీచర్?"

"నేనీ నవల ఎనిమిది సార్లు చెప్పాను. సిమావు మళ్ళీ రాడా?" ఆవిడ పుస్తకం తీసి వెనక నుంచి తిప్పడం మొదలుపెట్టింది. విసుగ్గా, తాళంచెవి పోగొట్టుకున్న మనిషిలా. "క్రిస్మస్ విందు ఉంటుంది. అక్కడ వస్తాడనే గుర్తు. ఒక ఉత్తరమో, ఏదో." ఆగింది. "అదిగో, ఆ ఆకే లేదు."

ఓజానా ఆ కత్తిరించిన అంచుని వేలితో తాకింది.

"మిగతా ఇద్దరూ ఒకటే అన్నారు. రిపోర్టు మొత్తం ఒక్క మాట మీద నిలబడింది, ‘అతన్ని మళ్ళీ ఎవరూ తలుచుకోలేదు’ అని. ఆ మాట నిజమైతే పాస్. ఆ ఆకులో అతనుంటే మాత్రం చెయ్యగలిగిందేం లేదు. పుస్తకం మీకు తప్పుగా అర్థమైనట్టే లెక్క. స్కూలు లైబ్రరీలో ఒక కాపీ ఉండాలి. వచ్చే గురువారం తెస్తాను. పంతొమ్మిది. జడ్జి ఆఫీసుకి ఇరవైన పంపొచ్చు."

"టీచర్, ముందే చూడలేరా? కబురు చెయ్యలేరా?"

"లైబ్రరీ గదికి సున్నం వేస్తున్నారు, ఓజానా. పెట్టెల్లో ఉన్నాయి పుస్తకాలు. వెతికిస్తాను."

*

ఆ వారం ఓజానా జీవితంలో అన్నిటికంటే పొడుగైన పుస్తకం. రెండే పేజీలది, కనబడనిది.

మొదటి రోజు ఆమె ప్రార్థించింది. లేకుండా చెయ్యి దేవుడా, ఆ ఆకులో సిమావు లేకుండా చెయ్యి. మర్నాడు అదే ప్రార్థన సగంలో తెగింది. తనేం అడుగుతోందో అప్పుడు వినబడింది. అతన్ని ఎవరూ తలుచుకోకూడదని అడుగుతోంది. రేవులో కూర్చున్నవాడు అక్కడే ఉండిపోతేనే షట్టరు పక్క నిలబడ్డవాడు ఇంటికి వెళతాడు. ఒకణ్ణి అమ్మి ఒకణ్ణి కొనడం. కాగితం మీది మనిషే కదా అని చెప్పుకుంది. కానీ అతని టోపీ ఎలా ఉంటుందో, నవ్వితే ఏ వైపు పెదవి లేస్తుందో ఆమెకి తెలుసు. విందులో ఎవరో, కనీసం వంటమనిషి, ‘చిన్నబాబు ఏమయ్యాడమ్మా’ అని అడిగి ఉంటే! ఆ ఒక్క వరస కోసం ఓజానా ఎంత ఆశపడిందంటే, ఆ ఆశ తన తమ్ముణ్ణి వ్యాను ఎక్కిస్తుందని తెలిసి కూడా ఆపుకోలేకపోయింది. ఆశ ఒక్క నిమిషమైతే భయం ఒక్క నిమిషం. మిషను మీద దిండు గలీబులు వంకరగా కుట్టింది. రెండుసార్లు విప్పించారు.

ఆదివారం జుల్మీరా బెంతోని తీసుకొచ్చింది. తెచ్చిన మొక్కజొన్న కేకుని గేటు దగ్గర కత్తితో పొడిచి పొడిచి చూశారు. బెంతో ఆ కన్నాల్ని ఒక్కొక్కటీ వేలితో నొక్కుతూ కూర్చున్నాడు.

"పొడిచేశారు," అన్నాడు.

"రుచి మారదులే నాన్నా, తిను," అంది జుల్మీరా.

"మనమే పొడిస్తే కొడతావు."

జుల్మీరా నవ్వింది. నవ్వి వెంటనే ముఖం దించుకుంది. "అమ్మాయ్, టికెట్టు తీసేసుకున్నాను. మా పిల్ల ఊరుకోవట్లేదు. ఆవిడ... ఆ ఆఫీసావిడ ఫోన్ చేసింది. ఇరవై ఎనిమిదిన పొద్దున ఎనిమిదింటికి వస్తారంట. నువ్వుంటే తిరిగి పోతారు."

"ఉంటానక్కా."

"ఖాయమేనా? నాకు దాపరికం లేకుండా చెప్పు."

ఓజానా కేకు వైపు చూసింది. "గురువారం తేలుతుంది."

"దేంట్లో తేలుతుందీ?"

ఒక నవల్లో చిరిగిన ఆకులో ఒకడి పేరుందా లేదా అన్నదాంట్లో అని ఎలా చెబుతుంది? "కాగితం ఒకటి రావాలి," అంది.

బెంతో కన్నాలన్నీ నొక్కడం పూర్తిచేసి తలెత్తాడు. గోడ గడియారం వైపు చూశాడు. ప్రతి ములాఖత్‌లోనూ అడిగే మాటే అడిగాడు, కోపం లేకుండా, టైమెంతని అడిగినట్టు. "అయిదు నిమిషాలు ఇంకా అవ్వలేదా?"

"అవుతోంది," అంది ఓజానా. అలా అన్నప్పుడల్లా ఆమె గొంతు వేరే మనిషిదిలా ఉంటుంది.

*

పంతొమ్మిదిన టీచర్ మధ్యాహ్నం మూడింటికి గానీ రాలేదు. పదింటి నుంచి ఓజానా పిలుపు కోసం చూస్తూనే ఉంది. బల్ల మీద ఒకే ఒక్క కాగితం ఉంది, రెండు వైపులా జిరాక్సు తీసినది. టీచర్ ముఖం చూసి ఏమీ పోల్చుకోలేకపోయింది. ఆ ముఖంలో సంతోషం లేదు.

"మీరే చదవండి," అంది టీచర్.

ఓజానా వేలు పెట్టింది. పెదవులు కదిలాయి. క్రిస్మస్ విందు. పదమూడు మంది బల్ల చుట్టూ కూర్చున్నారు. ఎవరెవరు ఎక్కడ కూర్చున్నారో ఉంది. సూపు ఉంది, పంది మాంసం ఉంది, ద్రాక్షలు ఉన్నాయి. పేజీ తిప్పింది. బల్ల చివర ఒక కుర్చీ ఖాళీగా ఉంది. ఓజానా వేలు ఆగిపోయింది. తర్వాతి వరస: ఆ కుర్చీ ఆలస్యంగా వచ్చిన లాయరుది. అతను వచ్చాడు, కూర్చున్నాడు, అందరూ గ్లాసులెత్తారు.

చివరి వరస దాకా చదివింది. మళ్ళీ మొదటికి వచ్చి ఇంకోసారి చదివింది.

"లేడు," అంది.

"లేడు. ఎనిమిది సార్లు..." అని టీచర్ ఆగిపోయింది. అద్దాలు తీసి తుడుచుకుంది, అవి శుభ్రంగానే ఉన్నాయి. "పాస్, ఓజానా. రేపు పొద్దున్నే పంపిస్తాను. నాలుగు రోజులు మీవి."

ఓజానా తలాడించింది. ఊరటతో పాటే ఏదో దొంగిలించినట్టు సిగ్గు కూడా వచ్చింది. ఆ కాగితం తను ఉంచుకోవచ్చా అని అడిగింది. నాలుగు మడతలు పెట్టి బట్టల్లో దాచుకుంది.

సెల్లో అవ్వ ఎదురుచూస్తోంది. "ఏమైంది? ఉన్నాడా?"

"ఆ ఆకంతా విందే, వాడు లేడవ్వా. నాకు నాలుగు రోజులు ఇచ్చారు."

అవ్వ మళ్ళీ అల్లిక అందుకుంది. "మంచిదే పిల్లా," అంది. ఇంకాసేపటికి, దారం కొరుకుతూ, "ఛీ వాళ్ళ విందు," అంది.

*

ఇరవై ఏడు శుక్రవారం. కాగితాల్లో ఒక సంతకం తక్కువైందని గేటు దగ్గర రెండు గంటలు కూర్చోబెట్టారు. బస్సు దారిలో టైరు మార్చుకుంది. లగోవా సేకాలో దిగేసరికి సాయంత్రం అయిదు కావస్తోంది.

బస్టాండు అలాగే ఉంది. రెండో ప్లాట్‌ఫారం దగ్గర ఆమె కాళ్ళు వాటంతటవే పక్కకి తప్పుకున్నాయి. బేకరీ షట్టరు పక్కన జుల్మీరా నిలబడి ఉంది, చంకలో సంచి. ఆవిడ పక్కన ఇస్త్రీ చొక్కాలో బెంతో. జుల్మీరా చెయ్యి ఊపింది. బెంతో ఊపలేదు.

ఓజానా దగ్గరికి వెళ్ళి చేతులు చాచింది. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. బేకరీ గడియారం చూశాడు. తర్వాత ఆమె మోచెయ్యి పట్టుకుని, తనిన్నాళ్ళూ మరిచిపోని ఆ చోటుకి, షట్టరుకీ స్తంభానికీ మధ్యకి, తీసుకొచ్చి నిలబెట్టాడు. భుజాలు పట్టుకుని కొంచెం సరిచేశాడు.

"ఇక్కడే నిలబడు. కదలకు. అయిదు నిమిషాల్లో వస్తా."

"ఎక్కడికి బెంతో?"

"కదలకు," అన్నాడు, వేలు చూపించి. బేకరీలోకి వెళ్ళిపోయాడు.

"వెళ్ళనీ, చీజు రొట్టెలకి. పొద్దుట్నుంచీ అదే పాట," అంది జుల్మీరా.

ఓజానా నిలబడింది. ఆ బేకరీకి వెనక తలుపు ఉందని ఆమెకి తెలుసు. అది పైవీధిలోకి పోతుంది. అక్కడ లారీలు తిరుగుతాయి. షట్టరు పక్క నుంచి చూస్తే లోపల ఏమీ కనబడదు, గాజు మీద సాయంత్రపు ఎండ, దాంట్లో తన ముఖం. రెండు నిమిషాలు. ఒక్క అడుగు ముందుకి వేస్తే కౌంటరు కనబడుతుంది. మూడు. మడమలు చెమటతో చెప్పులకి అంటుకున్నాయి. నాలుగు. ఎవరో బ్యాగు ఆమెకి తగిలిస్తూ పోయారు. ఆమె తూలింది గానీ పాదాలు ఎత్తలేదు.

జుల్మీరా లోపలికి తొంగి చూసింది. "వరసలోనే ఉన్నాడు. ముందు ఇంకా ఇద్దరున్నారు. కూర్చోవే, ఆ బెంచీ ఖాళీగానే ఉందిగా."

"వద్దక్కా," అంది ఓజానా. గడియారంలో ఆరో నిమిషం మొదలైంది. ఆమె అక్కడే నిలబడి ఉంది.